శనివారాల ఈత

కార్ల ధరలు పెరగబోతున్నాయని మా ఆయన నాకు చెప్పింది వంటింట్లో. నేను గిన్నెలు తోమి ఇస్తున్నాను. ఆయన తుడిచి అరలో పెడుతున్నాడు. పనిలో పనిగా అన్నట్టు అన్నాడు.

"మీ తమ్ముడు కారు కొనేదుంటే ఈ వారంలోనే కొనుక్కోమను. పై వారం నుంచి పెరుగుతాయి."

మీ కంపెనీవేనా అని అడిగాను.

"అందరివీ."

ఆ మాట అన్నాక ఆయన చేయి కాస్త ఆగింది. పొడిగా ఉన్న పళ్ళేన్నే ఇంకోసారి తుడిచి పెట్టేశాడు. నేనూ రెట్టించలేదు. మొగుడి నోటి నుంచి వచ్చిన మంచిమాటను పెళ్ళాం ఎందుకు తవ్వుతుంది? తమ్ముడి మీద ఆయనకు అంత ఆపేక్ష ఉన్నందుకు లోలోపల మురిసిపోయాను కూడా. మా ఇంటిని రెండుగా చీల్చబోయే మాట అదేనని అప్పుడు నాకు తెలియదు.

మా ఆయన ఒక కార్ల కంపెనీలో ఈ ఊరి అమ్మకాలన్నిటికీ పెద్ద. ఊళ్ళో అలాంటి కంపెనీలు ఐదున్నాయి. పైకి ఒకరంటే ఒకరికి పడదు. ఒకరి షోరూమ్ ఎదురుగా ఇంకొకరు అంతకంటే పెద్ద బోర్డు పెడతారు. ఎదుటి కంపెనీ కారు పక్కనుంచి వెళితే మా ఆయన "డబ్బా" అని గొణిగేవాడు. అది వినీ వినీ మా అమ్మాయి చిట్టికి మాటలు వచ్చీరాగానే వచ్చిన మాటల్లో "డబ్బా" ఒకటి.

మా తమ్ముడు అద్దెకారు నడుపుకుంటాడు. వాడి కారుకు వయసైపోయింది. ఆ ఏడు కొత్తది కొనకపోతే బండి నడిపే అనుమతే పోతుంది. బావ చెప్పాడని ఫోను చేస్తే పాపం వెంటనే బ్యాంకు చుట్టూ తిరిగాడు. అప్పు కాగితాలు ఆ వారంలో తేలలేదు. పై వారం ఐదు షోరూములూ తిరిగి తిరిగి మా ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఐదు చోట్లా ధర ఒకే మోతాదులో పెరిగిందట. తగ్గింపు ఏమైనా ఉందా అని అడిగితే ఐదు చోట్లా ఒకటే నవ్వట.

"బావా, మీ ఐదుగురూ ఒక తల్లి కడుపున పుట్టారా ఏంటి?" అన్నాడు.

మా ఆయన పేపరు దించలేదు. "మార్కెట్ అలా ఉందిరా."

"కూరల మార్కెట్లో ఒకే గోనె మీద కూర్చున్న అత్తాకోడళ్ళు కూడా వంకాయలు ఒకే రేటుకి అమ్మరు బావా."

మా అత్తగారు లోపలి నుంచి టీ తెస్తూ, ఆ అత్తాకోడళ్ళ మాట ఎవర్ని ఉద్దేశించి అన్నావురా అబ్బాయ్ అని అడిగింది. అందరం నవ్వాం. నవ్వింది ఆ ఒక్కసారే. వాడు టీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

అద్దెకార్ల వాళ్ళందరూ కలిసి ఫిర్యాదు పెట్టారు. కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీ పడి అమ్ముకోవాలి గానీ, చాటుగా కూర్చుని ధర ఇంత అని అనుకోకూడదని చట్టం ఉందట. అలా అనుకున్నారేమో చూడటానికి ఒక విచారణ సంఘం కూడా ఉందట. వాళ్ళు ఐదు ఆఫీసులకూ వెళ్ళారు. కంప్యూటర్లు చూశారు, ఫోనులు చూశారు, ఏమీ దొరకలేదు. చివరికి వాళ్ళ చూపు పడింది శనివారాల మీద.

శనివారాల సంగతి నాకు బాగా తెలుసు. తెలుసునని అనుకున్నాను. అంతకుముందు ఏడాది ఒకరోజు మా ఆయన ఉన్నట్టుండి, శనివారం పొద్దున చిట్టిని ఈత నేర్చుకోవడానికి నేనే తీసుకెళ్తానన్నాడు. ఆదివారం కూడా ఆఫీసు అంటూ పోయే మనిషి. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకుని, స్వామీ ఈ బుద్ధి ఇలాగే ఉంచు అని మొక్కుకున్నాను. ఏ బుద్ధి ఉంచమన్నానో నాకే తెలియదు.

మా అత్తగారు ఒకసారి సరదాగా వాళ్ళతో వెళ్ళొచ్చి, అక్కడ ఇంకో నలుగురు తండ్రులు ఉంటారని చెప్పింది. ఒకరు సెంటాయన, ఒకరు పొట్టాయన, ఒకరు మాట్లాడే ముందు ఈల వేసే ఈలాయన. నాలుగో ఆయనకు పేరు పెట్టడానికి కూడా ఏమీ లేదంది. ఈత కొలను పైన మెట్లమీద బల్లలు వేసి ఉంటాయి. ఫోనులు లోపలికి తేనివ్వరు. పిల్లల కేకలకూ నీళ్ళ చప్పుడుకూ పక్క బల్ల మీది మాట కూడా వినపడదు. ఎంత చక్కగా కబుర్లు చెప్పుకుంటారో అని ఆవిడ ముచ్చటపడింది. ఆ నలుగురూ మిగతా నాలుగు కంపెనీల అమ్మకాల పెద్దలని ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

విచారణ మొదలయ్యాక కంపెనీలు చెప్పిన మాట ఒక్కటే. తండ్రులు పిల్లల్ని ఈతకు తీసుకెళ్ళారు, ఒకే కొలను కాబట్టి ఎదురుపడ్డారు, అంతే. అది నిజమని ఇంటివాళ్ళు వచ్చి చెబితే బలంగా ఉంటుందని వకీళ్ళు అన్నారట. అంటే పెళ్ళాలం.

నాలుగు ముక్కలు చెప్పి రావడమే అన్నాడు మా ఆయన. వంటింట్లో మీరన్న మాట సంగతేమిటని అడిగాను.

"అది మర్చిపో," అన్నాడు.

"మర్చిపోవడం నా చేతిలో ఉంటే మీ అమ్మ అన్నవి ముందు మర్చిపోయేదాన్ని."

ఆయన నవ్వలేదు. పక్కన కూర్చుని మెల్లగా చెప్పుకొచ్చాడు. నలుగురితో నారాయణ అనాలి. నలుగురూ ఒకటి చెబుతుంటే నువ్వొక్కదానివి ఇంకోటి చెబితే నా ఉద్యోగం పోతుంది. ఈ ఇల్లు కంపెనీ ఇచ్చింది, ఇదీ పోతుంది. జరిమానా పడితే నా నెత్తిన పడుతుంది, పెద్దవాళ్ళు ఎప్పుడూ తప్పుకుంటారు. అన్నీ నిజమేనని నాకూ తెలుసు. ఆయన గొంతులో ఉన్నది కోపం కాదు, భయం. కోపమైతే నాకు తేలికగా ఉండేది.

మర్నాడు చిట్టికి జడ వేస్తూ, ఈత ఎంతవరకు వచ్చిందే అని అడిగాను. నేను అడిగింది ఏదో ఒక మాట కలపడానికే.

"రాదుగా," అంది.

మాస్టారు ఎప్పుడో మానేశారట. నీళ్ళు తగిలే మెట్టు మీద ఐదుగురు పిల్లలూ కూర్చుని కాళ్ళు ఆడిస్తూ ఉండేవారట. టైమవగానే తల తడుపుకుని పైకి వచ్చేవారట. నాన్న ఎప్పుడూ చూడలేదా అంటే, "నాన్న ఇటు తిరిగి కూర్చునేవాడు కాదమ్మా," అంది.

మరి నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

అద్దంలో నన్ను చూసింది. "చెబితే మాన్పించేస్తావుగా. నాన్న అక్కడ భలే నవ్వేవాడు. ఇంట్లో అంత నవ్వడు."

ఏడాది పొడుగునా ఐదుగురు తండ్రులు కొలను దగ్గర కూర్చున్నారు. వాళ్ళలో ఒక్కడు తల తిప్పి నీళ్ళవైపు చూసి ఉంటే, నీళ్ళలో తన బిడ్డ లేదని తెలిసేది. వాళ్ళు చెప్పమంటున్న అబద్ధాన్ని కాస్త శ్రద్ధగా చేసి ఉన్నా అది నిజమయ్యేది. అదీ చేయలేదు.

విచారణకు ముందు వకీళ్ళు ఒక హోటల్లో పెద్ద గదిలో మమ్మల్ని కూర్చోబెట్టారు. పొడుగాటి బల్ల, తెల్లటి గుడ్డ, ఎవరూ ముట్టని బిస్కెట్లు. ఐదుగురు ఆడవాళ్ళం మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నాం. ఏ కంపెనీకి ఆ కంపెనీ వకీలు ఉన్నా, మాతో మాట్లాడింది ఒకావిడ. మెత్తటి గొంతు, మంచి చీర. మీరు అబద్ధమేమీ చెప్పనక్కర్లేదమ్మా అంటూనే మొదలుపెట్టింది. శనివారాలు ఎందుకు వెళ్ళేవారు అంటే, పిల్లల ఈత కోసం. ధరల గురించి ఇంట్లో ఏమైనా అన్నారా అంటే, మా వారు ఆఫీసు విషయాలు ఇంట్లో మాట్లాడరు. ఇవి రెండే. ఒక్కొక్కరి చేత అనిపించింది. ఒకావిడ "మా ఆయన" అంటే "మా వారు" అనమని దిద్దింది.

నా వంతు వచ్చింది. నాకు చదువు అంతంతమాత్రం. తెలియనిది అడగడానికి సిగ్గుపడే అలవాటు లేదు.

"ఒక చిన్న సందేహమండీ," అన్నాను. "వీళ్ళందరూ కూర్చుని ధరలు ఒకేలా అనుకోలేదని చెప్పాలి, అంతేకదా? అది చెప్పడానికి మనందరం కూర్చుని మాటలు ఒకేలా అనుకోవాలా?"

వకీలమ్మ చిరునవ్వు అలాగే ఉంది. ఇది మామూలుగా అందరూ చేసేదేనంది.

"పిల్లలకి ఈత వచ్చిందా అని అడిగితేనో?"

"వచ్చిందని చెప్పండి."

"మా అమ్మాయికి రాదండీ."

పొట్టాయన భార్య గొంతు సవరించుకుని, మావాడికీ రాదు, మొన్న సముద్రం దగ్గర మోకాలు దాటనివ్వలేదు అంది. ఈలాయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. వకీలమ్మ కాగితాలు సర్దుకుని నన్ను పక్క గదిలోకి పిలిచింది. అక్కడ ఆవిడ గొంతు మెత్తగా లేదు. మీ భర్త ఉద్యోగం, మీరుంటున్న ఇల్లు, మీ అమ్మాయి బడి, అన్నీ కంపెనీవేనని గుర్తుందా అని అడిగింది.

"ఇల్లు కంపెనీదేనండీ," అన్నాను. "నోరు మాత్రం మా అమ్మా నాన్నా ఇచ్చింది."

బయటికి వచ్చాక లిఫ్టు ఎక్కకుండా మెట్లు పట్టుకుని దిగాను.

ఇంటికి వచ్చేసరికి ఆ మాట నాకంటే ముందు వచ్చింది. మా అత్తగారు గుమ్మంలోనే, మొగుడి నోటి దగ్గరి కూడు కాలదన్నే ఆడదాన్ని నిన్నే చూశానంది. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. ఆవిడ నా వెనకే వచ్చి నిలబడింది. విచారణలో దేవుడి మీద ప్రమాణం చేయిస్తారా అని అడిగింది. చేయిస్తారన్నాను.

"అయితే నన్ను అడక్కు," అని వెళ్ళి మంచం మీద పడుకుంది.

మా ఆయనతో దాపరికం లేకుండా చెప్పాను. నేను చూడనిది చూశానని చెప్పను, విన్నది వినలేదని చెప్పను, నన్ను అడిగితే మీరు వంటింట్లో అన్న మాట చెబుతాను.

"ఆ మాట మీ తమ్ముడి మంచి కోసం అన్నాను," అన్నాడు. "దాంతోనే నన్ను ఉరి తీయిస్తావా?"

ఆ మాట నా గుండెలో దిగింది. అది నిజమే కాబట్టి దిగింది.

"మీరు ఆ ధరల గురించి ఎవరితోనైనా చెప్పిన నిజం అదొక్కటే," అన్నాను. "దాన్నే దాచమంటున్నారు."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా మేం మాట్లాడుకున్నది ఉప్పు, పప్పు, చిట్టి బడి. తమ్ముడు ఫోను చేశాడు. ధరలు పెరుగుతాయని బావ ముందే చెప్పిన సంగతి వాడికీ తెలుసు కదా. ఫిర్యాదులో ఎక్కడా పెట్టలేదట, అడిగినా చెప్పడట. అక్క కాపురం కంటే కారు ఎక్కువ కాదన్నాడు. నువ్వు మంచివాడివిరా అన్నాను. కానీ నా కాపురం అంత నీటిమీద రాత అయితే అది నిలబడకపోయినా ఫరవాలేదన్నాను. ఆ పౌరుషం ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియలేదు. ఫోను పెట్టేశాక మాత్రం చాలాసేపు ఏడ్చాను.

సెంటాయన భార్య కూడా ఫోను చేసింది. హోటల్లో ఒక్క మాటా మాట్లాడని మనిషి.

"అక్కా, నువ్వేం చెప్పబోతున్నావో నాకు చెప్పు. మిగతా ముగ్గురితోనూ మాట్లాడాను. నువ్వెలా చెబితే మేమూ అలాగే చెప్తాం. ఐదుగురం ఒక మాట మీదుంటే మనల్ని ఎవరూ ఏం చేయలేరు."

"మన మగాళ్ళు అనుకున్నదీ అదే కదమ్మా," అన్నాను.

ఫోనులో చిన్నగా నవ్వు వినిపించింది. మరి నన్నేం చేయమంటావని అడిగింది. నీకు తెలిసింది నువ్వు చెప్పు, అదేమిటో నాకు మాత్రం చెప్పకు అన్నాను. తోడు దొరికితే ఎంత ధైర్యంగా ఉండేదో నాకు తెలుసు. ఆ ధైర్యం కోసమే కదా వాళ్ళు కూడా శనివారాలు వెళ్ళింది.

విచారణ రోజు పొద్దున దేవుడి ముందు కూర్చున్నాను. చెప్పనా వద్దా అని అడగలేదు. ఆయన ఏమంటాడో తెలిసినప్పుడు అడగడం దండగ. ఇంకోటి అడిగాను. స్వామీ, ఈ మనిషి ఏడాదిలో ఎన్నో చేసి ఉంటాడు. అవన్నీ వదిలేసి, ఆయన చేసిన ఒక్క మంచి పనినే ఆయన మీదికి ఎందుకు తెచ్చావు? అదేం న్యాయం? దేవుడు ఎప్పటిలాగే ఊరుకున్నాడు. నేను లేచి చీర సర్దుకున్నాను. చెప్పుల దగ్గరికి వచ్చేసరికి మా ఆయన అప్పటికే చెప్పులు వేసుకుని నిలబడి ఉన్నాడు. కంపెనీ కారు తీయకుండా బస్సెక్కాం, పక్కపక్కనే కూర్చున్నాం. కండక్టరు రాగానే ఆయనే రెండు టిక్కెట్లు తీశాడు.

విచారణ గది నేననుకున్నంత పెద్దది కాదు. బడిలో స్టాఫు గదిలా ఉంది. కిటికీ రెక్క ఒకటి సరిగా పడక గాలికి కొట్టుకుంటోంది. బల్ల వెనక నెరిసిన జుట్టున్న ఒకావిడ కూర్చుంది, ఇరుపక్కలా ఇద్దరు. వెనక వరసలో వకీళ్ళు. నా తర్వాత మా ఆయన వంతు కాబట్టి ఆయన్ని కూడా లోపల కూర్చోనిచ్చారు. వకీలమ్మ ఆయన పక్కనే కూర్చుంది.

ప్రమాణం చేశాను. నెరిసిన జుట్టావిడ శనివారాల గురించి అడిగింది. ఈతకని నాకు చెప్పారు, నేను నమ్మాను, మా అమ్మాయికి ఈత రాదు అని చెప్పాను. వెనక ఎవరో దగ్గారు. కొలను దగ్గర ఏం మాట్లాడుకున్నారో తెలుసా అని అడిగింది. నేను అక్కడ లేను, తెలియదన్నాను. ఇంట్లో ధరల గురించి ఏమైనా అన్నారా అని అడిగింది.

వకీలమ్మ నేర్పిన జవాబు నా నాలుక చివరనే ఉంది. అన్నిసార్లు విన్నాను కదా, దానంతటదే వచ్చేలా ఉంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను.

"అన్నారండీ. పై వారం పెరుగుతాయి, ఈ వారమే కొనుక్కోమని మా తమ్ముడికి చెప్పమన్నారు. మీ కంపెనీవా అని అడిగాను. అందరివీ అన్నారు."

"అందరివీ అన్నారా? మీకు బాగా గుర్తుందా?"

"ఉందండీ. ఎందుకన్నారో కూడా రాసుకోండి. నా తమ్ముడు నష్టపోకూడదని అన్నారు."

వెనకనుంచి ఒక వకీలు లేచి, అది ఈ విచారణకు సంబంధం లేని విషయమన్నాడు.

"నాకు సంబంధం ఉందండీ," అన్నాను. "మిగతాది రాసుకుని అది రాయకపోతే నేను చెప్పింది సగం అబద్ధమవుతుంది."

నెరిసిన జుట్టావిడ అదీ రాసుకోమని పక్కవాళ్ళకు చెప్పింది. ఇక వెళ్ళొచ్చంది. నేను కుర్చీ వెనక్కి జరుపుతుంటే మా ఆయన్ని పిలిచారు. ఇద్దరం ఎదురుపడ్డాం. ఆయన ముఖంలో ఏముందో చదవలేకపోయాను. ఇన్నేళ్ళ కాపురంలో అలా చదవలేకపోవడం అదే మొదటిసారి.

మీ భార్య చెప్పింది నిజమేనా అని అడిగింది ఆవిడ.

వకీలమ్మ ముందుకు వంగి, దీనికి మీరు జవాబు చెప్పాల్సిన పనిలేదంటూ మా ఆయన చొక్కా చేయి పట్టుకుంది. ఆయన ఆ చేతివైపు చూశాడు. మర్యాదగా, ఒక్కొక్క వేలూ విడదీసినట్టు, తన చేయి విడిపించుకున్నాడు.

"నిజమే," అన్నాడు. "తనకి తెలిసింది ఒక్క మాట. నాకు చాలా తెలుసు. కూర్చుని చెప్పమంటారా, నిలబడి చెప్పమంటారా?"

వెనక వరసలో అందరూ ఒక్కసారిగా లేచారు. కుర్చీలు గీరుకున్న చప్పుడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరి మాటా తెలియడం లేదు. నెరిసిన జుట్టావిడ చేయెత్తి వాళ్ళను కూర్చోబెట్టింది. ఇల్లు ఎన్నాళ్ళుంటుందో, ఆ నెల ఎలా గడుస్తుందో ఆ నిమిషాన నాకేమీ తెలియదు. నన్ను వెళ్ళమన్నారు గానీ నేను వెళ్ళలేదు. గోడవారన నిలబడ్డాను. ఎవరూ పొమ్మనలేదు.

ఆయన కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగాడు. గ్లాసు కింద పెట్టి, మొదటి శనివారం నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.